పేగులో పెరిగిన కండకు పేరేమిటి?

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. వంటల పేజీ పక్కన రక్తం, పేగు, మలం అని రాస్తే చదివేవాళ్లు మొహం చిట్లిస్తారేమో అనిపించింది. మా ఆడబిడ్డ కూతురే పట్టుబట్టింది. "రాయి అత్తా! గా సిగ్గుతోనే కదా మామ ఆరు నెలలు దాచిండు" అంది. నిజమే. అందుకే రాస్తున్నాను.

మాది మందమర్రి. మావారు సింగరేణిలో మైనింగ్ సర్దారు. మా దగ్గర గనిని బాయి అంటారు. ఫస్ట్ షిఫ్టయితే చీకటితో లేచి టిఫిను కట్టి పంపడం, ఆయన బాయి మీంచి తిరిగొచ్చేదాకా ఒక చెవి వీధి వైపే పెట్టుకుని ఉండటం... పెళ్లయినప్పటి నుంచి ఇదే నాకు అలవాటు. ఆయన లోపలికి దిగితే భయపడటం తెలుసు గానీ, ఇంట్లో కూర్చున్న మనిషి కోసం భయపడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

2021లో దసరా ముందు, ఉతకడానికి తీసిన లుంగీ మీద చిన్న నెత్తుటి మరక కనపడింది. అడిగితే "ఏం గాదు, మూలశంక. బాయిల వేడికి అందరికి ఉండేదే" అన్నారు. మగవాళ్లు ఎన్నయినా దాస్తారు గానీ బట్టలు ఉతికే చేతికి తెలియకుండా ఎన్నాళ్లు దాస్తారు చెప్పండి? గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపడింది. ఉగాది నుంచే అప్పుడప్పుడూ పడుతోందట!

అప్పటి నుంచి నా వైద్యం మొదలైంది. మజ్జిగ, ముల్లంగి, రాత్రి నానబెట్టిన మెంతులు, కారం బంద్. ఎవరో చెప్పారని ఒకాయన దగ్గర పొట్లాలు కూడా తెచ్చాను. పదిరోజులు తగ్గినట్టే ఉండేది, మళ్లీ పడేది. సంక్రాంతికి సకినాలు పోస్తుంటే పక్కన కూర్చుని "తల తిరుగుతున్నట్టున్నదే" అన్నారు. ఇక ఆగలేదు నేను. మర్నాడే కంపెనీ డాక్టరు దగ్గరికి బలవంతంగా లాక్కెళ్లాను. ఆయన రక్తం పరీక్ష చేయించి, రక్తం తగ్గిందని చెప్పి, ఒక్క మాటన్నారు. "మూలశంక ఉంటే ఉండొచ్చమ్మా. కానీ యాభై దాటిన మనిషికి నెత్తురు పడుతుంటే, లోపల చూడకుండా అది మూలశంకే అనుకోకూడదు."

లోపల చూడటమంటే కొలనోస్కోపీ. కింది నుంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పెట్టి పెద్దపేగంతా చూస్తారు. ఆ మాట వినగానే మావారి మొహం చూడాలి! తెలిసినవాళ్లు చెప్పిన ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. ముందు రెండు రోజులు పప్పులు, ఆకుకూరలు, గింజలున్నవి ఏవీ పెట్టొద్దన్నారు. సరిగ్గా అప్పుడే ఆయనకు సర్వపిండి మీద మనసు పుట్టింది. నువ్వులు, పల్లీలు లేకుండా సర్వపిండి ఎలా చేస్తాను? మెత్తగా పెరుగన్నం కలిపి పెడితే చిన్నపిల్లాడిలా అలిగారు. ముందురోజు సాయంత్రం నుంచి మందు పొడి కలిపిన నీళ్లు లీటర్ల లెక్కన తాగాలి. ఉప్పూ నిమ్మకాయా కలిసిన వెగటు రుచి. గ్లాసు గ్లాసుకూ ఆయన తిట్లు, నేను పక్కన నిలబడి బతిమాలడం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ నీళ్లు సగం తాగి పారబోసేవాళ్లు చాలామంది ఉంటారట. పేగు శుభ్రంగా లేకపోతే చిన్నచిన్నవి కనపడవు. మా కథలో అసలైనది ఆ కనపడీ కనపడనిదే.

పేగులో రెండు కండలు కనపడ్డాయి. వాటినే పాలిప్ అంటారు. ఒకటి ఎడమవైపు కింది భాగంలో, పుట్టగొడుగులా కాడతో, 18 మిల్లీమీటర్లు. రేగుపండంత అనుకోండి. నెత్తురు పడేది దాన్నుంచే. దాన్ని తీగ ఉచ్చుతో కాడ దగ్గర బిగించి, కరెంటుతో కాల్చి అక్కడికక్కడే తీసేశారు. రెండోది కుడివైపు పైకి ఎక్కే పేగులో, అప్పడంలా గోడకు అంటుకుని, 12 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. దాని మీద జిగట పొర కప్పుకుని ఉంది. దాన్ని తీయకుండా చిన్న ముక్క మాత్రం గిల్లి పరీక్షకు పంపారు.

వారం తర్వాత రెండు రిపోర్టులొచ్చాయి. మొదటిది "ట్యూబులోవిల్లస్ అడినోమా, లో గ్రేడ్ డిస్ప్లేసియా". రెండోది "హైపర్‌ప్లాస్టిక్ పాలిప్". నేను ఇంటర్ దాకా చదివాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. కానీ అవి చదివితే అర్థమయ్యే మాటలా? మా అబ్బాయి ఫోన్లో చూసి, మొదటిది క్యాన్సరుకు ముందు వచ్చేదని చెప్పాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. డాక్టరును అడిగితే "భయం లేదు, అది మొత్తం వచ్చేసింది. రెండోది మామూలు కండ, ఏమీ చేయదు, అలాగే వదిలేయొచ్చు" అన్నారు. కంటికి పెద్దగా కనపడి రక్తం కార్చింది పోయింది, చిన్నది ఏమీ చేయదన్నారు. ఇంకేం కావాలి? కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను.

మా ఆడబిడ్డ కూతురు అప్పటికి హైదరాబాదులో డాక్టరు చదువు అయిపోయి పెథాలజీలో పీజీ చేస్తోంది. పెథాలజీ అంటే శరీరంలోంచి తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి అదేమిటో చెప్పే చదువు. రోగి వాళ్ల మొహం చూడడు, వాళ్లు రోగి మొహం చూడరు. ఇన్నాళ్లూ డాక్టరంటే చెయ్యి పట్టుకుని నాడి చూసేవాళ్లే అనుకునేదాన్ని. ఏ మందు ఇవ్వాలో, కోయాలో వద్దో తేల్చే మాట చాలాసార్లు ఈ కనపడనివాళ్లే చెబుతారని అప్పుడే తెలిసింది.

రిపోర్టుల ఫోటో పంపితే ఆ పిల్ల రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, పెద్దదాని గురించి నాకు దిగులు లేదు. గా చిన్నదే నాకు నచ్చలే. హైపర్‌ప్లాస్టిక్ కండలు సాధారణంగా కింద, మలద్వారానికి దగ్గర్ల వస్తయి. ఐదు మిల్లీమీటర్లు కూడా ఉండవు. కుడివైపు 12 మిల్లీమీటర్లు ఉండి, మీద జిగట ఉన్నదంటే ఒకసారి మళ్లీ చూడాలె. ల్యాబుకు పోయి గాజు స్లైడులు, మైనం బిళ్లలు ఇయ్యమని కాగితం రాసి అడుగు" అంది.

మైనం బిళ్లలేమిటో నాకు అప్పుడు తెలియదు. గిల్లిన ముక్కను ముందు ఫార్మలిన్‌లో ఊరబెడతారు, కుళ్లిపోకుండా. మనం ఆవకాయ ముక్క ఊరబెట్టినట్టే అనుకోండి, పోలిక బాగాలేదు గానీ! తర్వాత దానిలోని నీరంతా తీసేసి కరిగించిన మైనంలో ముంచి బిళ్లగా గడ్డకట్టిస్తారు. ఆ బిళ్లను మిల్లీమీటరులో రెండువందలో వంతు పలచన పొరలుగా కోసే యంత్రముంది. ఆ పొరను గాజుపలక మీద పరిచి రెండు రంగులు వేస్తారు. ఒకటి హిమటాక్సిలిన్, మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసేది. ఒకప్పుడు బట్టలకు అద్దకం కూడా దాంతోనే వేసేవారట. అది కణాల్లోని కేంద్రకాలకు నీలం ఊదా రంగు పట్టిస్తుంది. రెండోది ఇయోసిన్, మిగతాదానికి గులాబీ రంగు పట్టిస్తుంది. ప్రపంచంలో ఎక్కడైనా బయాప్సీ చూసేది ముందు ఈ రెండు రంగుల్లోనే. స్లైడు తీశాక కూడా బిళ్లలో ముక్క మిగిలే ఉంటుంది. ఏళ్ల తర్వాతయినా మళ్లీ కోసి చూడొచ్చు.

ల్యాబువాళ్లు కొంచెం గొణుక్కున్నా ఇచ్చారు. చీర మడతలో చుట్టి, సంచిలో పెట్టుకుని మంచిర్యాలలో రైలెక్కాను. మావారికి సెలవు దొరకలేదు. దొరికినా వచ్చేవారు కాదు లెండి.

ఆ పిల్ల వాళ్ల మేడమ్‌ను అడిగి నాకు కూడా చూపించింది. ఇద్దరు ఒకేసారి చూడగలిగే సూక్ష్మదర్శిని అది. వాళ్లు చూస్తుంటే ఎదురుగా కూర్చుని మనమూ చూడొచ్చు. కళ్లు పెట్టగానే అంతా గులాబీ రంగు. ఏమీ అర్థం కాలేదు. "కండ్లు మూసుకోకు అత్తా, మెల్లగ చూడు" అంది.

మొదట పెద్ద కండ అంచులో ఉన్న మామూలు పేగును చూపించింది. బల్ల మీద గాజులు వరసగా పరిచినట్టు గుండ్రని వలయాలు. అవి నిజానికి గొట్టాల్లాంటి గ్రంథులట, అడ్డంగా కోస్తే గాజుల్లా కనపడతాయి. బెండకాయను అడ్డంగా తరిగితే చక్రాలు, నిలువుగా చీరితే గొట్టం కనపడదూ? అంతే. ఒక్కో వలయం చుట్టూ కణాలు, ఒక్కో కణంలో నల్లపూసంత కేంద్రకం. అవన్నీ కణం అడుగున ఒకే వరసలో బుద్ధిగా కూర్చున్నాయి. మధ్యమధ్యలో తెల్లటి బుడగలు, జిగురు నింపుకున్న కణాలు.

స్లైడు కొంచెం జరిపింది. అక్కడి నుంచే కండ మొదలు. చదువురాని నాకు కూడా తేడా తెలిసిపోయింది! కేంద్రకాలు ముదురు రంగులోకి మారి, పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు తోసుకుంటున్నాయి. తెల్ల బుడగలు తగ్గిపోయాయి. వేసవిలో నల్లా వచ్చే టైముకు మా లైనులో బిందెల వరస గుర్తొచ్చి నవ్వొచ్చింది. నీళ్లు రాకముందు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నల్లా విప్పగానే చూడాలి! ఆ తోపులాటనే అడినోమా అంటారు. తోపులాటే అయినా వరస పూర్తిగా చెదరకపోతే లో గ్రేడ్. అసలు వరసంటూ లేకుండా పోతే హై గ్రేడ్. ఆ కణాలు అడుగున ఉండే సన్నటి కండరప్పొరను దాటి లోపలికి దిగితేనే పెద్దపేగులో క్యాన్సర్ అంటారట. గడప దాటనంత వరకు అది ఇంట్లో గొడవే.

ఇక ట్యూబులర్, విల్లస్ అనేవి ఆకారం పేర్లు. గ్రంథులు గొట్టాల్లాగే ఉంటే ట్యూబులర్. ఎక్కువమందికి వచ్చేది ఇదే. తువ్వాలు మీద నూలు పోగులు లేచినట్టు సన్నగా, పొడుగ్గా వేళ్లలా ఉంటే విల్లస్. ఆ వేళ్లలాంటి భాగం 25 శాతానికి లోపలుంటే ట్యూబులర్ అనే రాస్తారు. 25 నుంచి 75 దాకా ఉంటే ట్యూబులోవిల్లస్, 75 దాటితే విల్లస్. వేళ్లు ఎక్కువైన కొద్దీ, సైజు పెరిగిన కొద్దీ జాగ్రత్త ఎక్కువ పడాలి. అడినోమాలన్నీ క్యాన్సర్లు కావు, చాలా భాగం ఎప్పటికీ మారవు. మారేవాటికి కూడా మామూలుగా పదేళ్లంత కాలం పడుతుందట. ఆ మాట విన్నాక మా ఇంట్లోవాళ్లంతా అన్నం సరిగ్గా తిన్నారు.

ఇక రెండోదాని స్లైడు. ఇందులో కేంద్రకాల తోపులాట లేదు. గ్రంథుల లోపలి అంచు మాత్రం రంపం పళ్లలా ఉంది. "హైపర్‌ప్లాస్టిక్‌ల గూడ రంపం పండ్లు ఉంటయి అత్తా. అందుకే వాళ్లు గట్ల రాసిండ్రు. తప్పు అనలేం. తేడా అడుగున తెలుస్తది. గీ ముక్కల అడుగే రాలే" అంది. గిల్లినప్పుడు పైపైన వచ్చింది, మైనంలో వాలుగా పడింది. బెండకాయ తొడిమ వైపు మాత్రమే తరిగి, కొసన పురుగుందో లేదో చెప్పమంటే ఎలా చెబుతాం?

మేడమ్ ఆ బిళ్లను తిప్పి పెట్టించి, ఇంకా లోతుగా కోయించారు. రెండు రోజులు ఆడబిడ్డ ఇంట్లోనే ఉన్నాను. కొత్త స్లైడులో ఒక మూలన అడుగు దొరికింది. హైపర్‌ప్లాస్టిక్ అయితే గ్రంథుల అడుగు సన్నగా, నిటారుగా ఉండి, రంపం పళ్లు పైసగంలోనే ఉండాలి. ఇక్కడ అడుగు దాకా పళ్లున్నాయి. అడుగు ఉబ్బి, కింద గోడకు తగిలి పక్కకు తిరిగి, బాయిలోకి మావారు వేసుకెళ్లే బూటు ఆకారంలో పడుకుని ఉంది. అలాంటి గ్రంథి స్పష్టంగా ఒక్కటి కనపడినా చాలట, పేరు మారిపోతుంది. సెసైల్ సెర్రేటెడ్ లీజన్. గోడకు అంటుకుని ఉండే రంపం పళ్ల కండ అని చెప్పుకోవచ్చు.

పేరు మారితే ఏమవుతుంది అంటారా? హైపర్‌ప్లాస్టిక్ అయితే వదిలేయొచ్చు. ఇది అయితే పూర్తిగా తీసేయాలి. పెద్దపేగు క్యాన్సర్లలో 15 నుంచి 30 శాతం ఈ రంపం పళ్ల దారినే వస్తాయట. ఎర్రగా, పుట్టగొడుగులా ఉండదు, రక్తం కార్చదు, జిగట కింద దాక్కుంటుంది. మాకు ఆ పెద్ద కండ నెత్తురు కార్చబట్టి ఇది దొరికింది గానీ, లేకపోతే ఎవరు చూస్తారు?

వెనక ఈ తేడా డాక్టర్లకూ తెలియదట. రంపం పళ్లున్నవన్నీ ఏమీ చేయనివనే అనుకునేవారు. 1990లో అమెరికాలో టెరి లాంగేకర్, సిసీలియా ఫెనోగ్లియో-ప్రైజర్ అనే ఇద్దరు ఆడ డాక్టర్లు వీటిలో కొన్ని వేరని రాశారు. 1996లో ఎమీనా తోర్లకోవిచ్, ఆవిడా ఆడమనిషే, డేల్ స్నోవర్‌తో కలిసి ఈ అడుగు ఉబ్బిన రకాన్ని బయటపెట్టారు. ఆ తర్వాత కూడా పేరు రకరకాలుగా మారుతూ వచ్చి, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో ఇప్పటి పేరు ఖాయమైంది. మన పప్పులో రాళ్లు ఏరే కళ్లు ఎక్కడికి పోతాయి అనిపించింది నాకు!

మావారిని మళ్లీ తీసుకెళ్లడం ఒక యుద్ధం. "ఒకలు వదిలెయ్యమన్నరు, ఇంకొకలు తియ్యాలంటరు. వీళ్లకే సక్కగ తెల్వదు" అని మొండికేశారు. నేను ఒక్కటే అడిగాను. "బాయిల పైకప్పు చూస్తే మంచిగనే కనపడుతది కదా, మరి కట్టెతోని కొట్టి ఎందుకు చూస్తరు?" సర్దారు పని అదే కదా, కట్టెతో తట్టి, గట్టి చప్పుడు వస్తే సరే, డొల్ల చప్పుడు వస్తే మనుషుల్ని పక్కకు జరపడం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎప్పుడు పోవాలె?" అన్నారు.

2022 మార్చిలో హైదరాబాదులో తీశారు. కండ కింద సూదితో నీళ్లమందు ఎక్కించి, పూరీలా పొంగించి, ఉచ్చు వేసి లాగారు. కోత లేదు, కుట్టు లేదు, మర్నాడు ఇంటికి. కెమెరా గొట్టంలోంచి ఉచ్చు వేసి కండలు తీసే పద్ధతిని న్యూయార్క్‌లో ఉండే హిరోమి షిన్యా అనే జపాను డాక్టరు 1969లో మొదలుపెట్టారట. అంతకుముందయితే పైకి ఉన్నవాటికి పొట్ట కోయాల్సిందే. ఇలా అడినోమాలు తీసేయడం వల్ల పెద్దపేగు క్యాన్సర్ బాగా తగ్గుతుందని 1993లో అమెరికా డాక్టర్లు లెక్క తేల్చారు కూడా. మావారి రిపోర్టులో అదే పేరు వచ్చింది, కణాల్లో తోపులాట ఏమీ లేదని రాశారు. మూడేళ్లకు మళ్లీ రమ్మన్నారు.

ఒక మాట మరిచాను. మా పక్క క్వార్టరులో ఐదేళ్ల బాబుకు నెత్తురు పడితే వాళ్లమ్మ నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది, మావారి సంగతి విని ఉంది కదా. పిల్లల్లో వచ్చేది ఎక్కువగా జువెనైల్ పాలిప్ అనే వేరే రకం. సూక్ష్మదర్శినిలో జిగురు నిండి ఉబ్బిన గ్రంథులు కనపడతాయి, ఒక్కటే ఉంటే క్యాన్సర్ భయం దాదాపు లేనట్టే. ఆ బాబుకు అదే అయింది, తీసేశారు, ఇప్పుడు బడికి పోతున్నాడు. పాలిప్ అనే ఒక్క మాట వింటే ఐదేళ్ల పిల్లాడికీ యాభై దాటిన మనిషికీ ఒకటే అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా "పాలిప్ అన్నరు" అని వస్తే, నేను సైజెంత, ఎక్కడ, రిపోర్టులో పేరేం రాశారు, మొత్తం తీశారా ముక్క గిల్లారా అని అడుగుతున్నాను. మా లైనులో నాకు డాక్టరమ్మ అని పేరు పెట్టారు.

మా ఆడబిడ్డ సంగతి వేరే చెప్పాలి. తోడబుట్టినవాడికి ఇలాంటి పెద్ద అడినోమా ఉంటే మిగతావాళ్లు నలభై దాటాక చూపించుకోవాలట. కన్నకూతురే పెథాలజీ చదివినా ఆవిడ ఏడాది పాటు "నాకేం రోగం" అని తప్పించుకుంది. చివరికి మావారే చెల్లెలికి ఫోన్ చేసి, "నేనే తాగిన, నువ్వు తాగలేవా గా నీళ్లు" అన్నారు. వెళ్లింది. ఏమీ లేదని వచ్చింది. ఆ తాగిన నీళ్లకు మాత్రం ఇప్పటికీ నన్నే తిడుతుంది.

2025లో మావారికి మళ్లీ చేశారు. పాత చోట్లు శుభ్రంగా మానాయి. కొత్తగా 4 మిల్లీమీటర్లది ఒకటి కనపడితే తీసి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు నాకంటే ముందు ఆయనే కోడలికి ఫోన్ చేసి, "ట్యూబులరా, విల్లసా? గది చెప్పు ముందు" అని అడుగుతున్నారు. ట్యూబులరే, లో గ్రేడ్. ఈసారి ఐదేళ్లకు రమ్మన్నారు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చి, "ఇయ్యాల సర్వపిండి పెట్టు. నువ్వులు జర ఎక్కువెయ్" అన్నారు.